మీ చెరువులో దిగినవి హంసలేనా?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను, ఫోటోలు జూమ్ చేసి చూశాను. దేవరకద్ర దగ్గర మీ ఊరి చెరువులో సంక్రాంతి తర్వాత వారం రోజులుగా ఇరవైకి పైగా బూడిదరంగు పెద్ద బాతులు దిగాయని, వాటికి దూరంగా వంకర ముక్కు, పొడుగు కాళ్లతో మురికిరంగు పక్షి ఒక్కటే నిలబడుతోందని, "ముక్కు విరిగిన" కొంగలు ముప్పై దాకా ఉన్నాయని రాశావు. ఊళ్లో కొందరు హంసలంటున్నారట, కొందరు సైబీరియా పక్షులంటున్నారట, మీ తాత మాత్రం ఇవి దిగితే కరువే అన్నాడట. ఫోన్లో యాప్ ఒక్కో ఫోటోకి ఒక్కో పేరు చెప్తోంది, ఫారెస్టోళ్లకు చెప్పాలా వద్దా అని కూడా అడిగావు. నేను ఇరవై రెండేళ్లుగా మహబూబ్‌నగర్, నల్లగొండ చెరువుల కట్టల మీద బైనాక్యులర్స్ మెడలో వేసుకుని తిరుగుతున్నవాణ్ని, లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక అదే పని. తెలిసింది చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

ముందు బాతుల సంగతి. తల వెనక రెండు నల్ల గీతలు అడ్డంగా ఉన్నాయి, మెడ పక్కన తెల్ల చార కిందికి దిగుతోంది, ముక్కూ కాళ్లూ నారింజ పసుపు. ఇందులో అనుమానమే లేదు, బార్ హెడెడ్ గూస్. తెలుగులో దీనికి జనం నోట్లో స్థిరపడిన పేరు నేను వినలేదు, నేనైతే గీతల తల బాతు అంటాను. ఇవి ఎండాకాలం టిబెట్‌లో, లడఖ్‌లోని సో మొరిరి లాంటి ఎత్తు సరస్సుల్లో, మంగోలియా, కిర్గిజ్‌స్థాన్ వైపు గుడ్లు పెట్టి, చలికాలం హిమాలయాలు దాటి మన దేశంలోకి దిగుతాయి. కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువుకి ఇవి పెద్ద గుంపులుగా వస్తాయి కాబట్టి మన దగ్గర ఇరవై దిగడం నమ్మలేనిదేం కాదు, అలాగని ప్రతి ఊరి చెరువుకీ దక్కే భాగ్యమూ కాదు. ఎవరెస్టు మీద నుంచి ఎగురుతాయని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం సగం కథే. ఉపగ్రహ పరికరాలు కట్టి గమనిస్తే ఒక బాతు 7,290 మీటర్ల దాకా పోయింది కానీ, మిగతావి చాలా మటుకు 6,000 మీటర్ల లోపే, కొండల వంపులు పట్టుకుని ఎక్కుతూ దిగుతూ పోయాయి, అదీ ఎక్కువగా రాత్రిపూట, గాలి చల్లగా బరువుగా ఉన్నప్పుడు. రెండు మూడు కిలోల ఒంటిని పలచని గాలిలో మోయాలంటే ఆ మాత్రం తెలివి ఉండాలి. పైగా వాటి రక్తం తక్కువ ఆక్సిజన్ ఉన్నచోట కూడా దాన్ని బాగా పట్టుకుంటుంది.

మరి హంసలన్నవాళ్లది తప్పా అంటే, పూర్తిగా తప్పు కాదు. క్యాలెండర్ బొమ్మల్లో సరస్వతీదేవి పక్కన ఉండే తెల్లటి పొడుగుమెడ పక్షి మన దేశానికి ఎప్పుడో దారి తప్పి తప్ప రాదు. కావ్యాల్లో మానస సరోవరానికి పోయే హంస ఈ గీతల తల బాతే అయ్యుంటుందని పక్షుల్ని, సంస్కృతాన్ని రెండింటినీ చదివినవాళ్లలో చాలామంది అభిప్రాయం, ఎందుకంటే నిజంగా అక్కడికి పోయేది ఇదే కదా. ఇక తమాషా ఏమిటంటే, మీ ఊళ్లో ఎవరూ పట్టించుకోని ఆ మురికిరంగు ఒంటరి పక్షి ఉంది చూశావా, పేపర్లవాళ్లు రాజహంస అని రాసేది దాన్నే. ఫ్లెమింగో. నీకు గులాబీరంగు కనబడలేదు కాబట్టి తట్టలేదు. అది పిల్ల. పుట్టినప్పటి నుంచి బూడిదా మట్టీ కలిసిన రంగులో ఉండి, పూర్తి రంగు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ రంగు కూడా పుట్టుకతో వచ్చేది కాదు, తినే నాచులో, చిన్న చిన్న రొయ్యజాతి పురుగుల్లో ఉండే రంగు పదార్థం ఈకల్లోకి ఎక్కుతుంది. ముక్కు మధ్యలో కిందికి వంగడం, తల తలకిందులుగా నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపడం, ఈ రెండూ నీ వీడియోలో స్పష్టంగా ఉన్నాయి, ఇంకే పక్షీ ఆ పని అలా చేయదు. కచ్‌లో పుట్టిందో ఎక్కడ పుట్టిందో మనకు తెలియదు. గుంపు నుంచి విడిపోయిన పిల్లలు ఇలా లోపలి చెరువుల్లో కొన్నాళ్లు ఆగి పోతుంటాయి. ఒంటరిగా ఉందని జబ్బు చేసిందనుకోకు, తింటోందంటే బాగున్నట్టే.

ముక్కు విరిగిన కొంగలకి ముక్కు విరగలేదు. అవి గుళ్ల కొంగలు, పెద్దవాటి ముక్కు అలాగే మధ్యలో సందుతో ఉంటుంది, నత్తను పట్టుకుని లోపలి కండను కోసి లాగడానికి పనికొస్తుంది. పిల్లలకి ఆ సందు ఉండదు, అందుకే నీ యాప్ ఒక ఫోటోలో వేరే పేరు చెప్పింది. ఇవి విదేశాల నుంచి వచ్చినవి కావు, మన దేశపువే, నీళ్లూ నత్తలూ ఎక్కడుంటే అక్కడికి పోతాయి. వరి పొలాలున్న చోట వీటిని చూసి ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు.

సైబీరియా మాట కూడా తేల్చేద్దాం. మన దగ్గర చలికాలం కనబడే ప్రతి కొంగనీ, ప్రతి బాతునీ సైబీరియా పక్షి అనేస్తారు, టీవీ వాళ్లూ అంతే. అసలు సైబీరియా కొక్కెర అనే పక్షి మన దేశానికి రావడం ఎప్పుడో ఆగిపోయింది, రాజస్థాన్ భరత్‌పూర్‌లో 2001–02 చలికాలంలో చివరి జంటను చూశారు. ఎర్రకాళ్ల కొంగలు, గుళ్ల కొంగలు, గూడబాతులు ఇక్కడివే. నిజంగా సైబీరియా నుంచి వచ్చిన పక్షిని చూడాలంటే నీ ఫోటోల్లో బాతుల కాళ్ల దగ్గర, బురదలో, గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో తోక ఎగరేస్తూ తిరిగే చిన్న పిట్ట చూడు. మనవాళ్లు ఉల్లంకి అంటారు, అందులో ఇది వుడ్ శాండ్‌పైపర్. 60 గ్రాముల చుట్టుపక్కల బరువు, ఉత్తర యూరప్ నుంచి సైబీరియా అంతటా గుడ్లు పెట్టే జాతి. ఊరంతా బాతుల వెంట పడి దీన్ని తొక్కుకుంటూ పోతున్నారు! నా మట్టుకు నాకు చెరువులో ఇరవై బాతుల కంటే బురద అంచున ఉల్లంకుల్ని, పసుపు పొట్ట కాటుకపిట్టల్ని లెక్కపెట్టడమే ఎక్కువ ఇష్టం. అది ముసలాడి పిచ్చి అనుకో.

ఇప్పుడు మీ తాత సంగతి. ఆయన్ని కొట్టిపారేయకు. ఇవి దిగితే కరువు అనే మాట నేను అచ్చంపేట వైపు, దేవరకొండ వైపు కూడా విన్నాను, మొదట్లో నవ్వేవాణ్ని. తర్వాత నా పాత నోట్‌బుక్కులు తిరగేస్తే ఆయన చూసింది అబద్ధం కాదని అర్థమైంది, వరస మాత్రం తిరగబడింది. చూడు, కొంగలకీ, కంకణాలనే వంపు ముక్కు పక్షులకీ, ఉల్లంకులకీ కావాల్సింది నిండు చెరువు కాదు. వాటి కాళ్లు ఎంత పొడుగో అంత లోతు నీళ్లే వాటికి పొలం. భాద్రపదంలో చెరువు మత్తడి దూకితే నీళ్లు తుమ్మల నడుముల దాకా ఉంటాయి, అప్పుడు నామాల కోళ్లు (నుదుట తెల్ల నామం ఉండే నల్ల నీటికోళ్లు), నీటికాకులు, మునిగి తినే బాతులు తప్ప కాళ్ల మీద నిలబడి తినేవాటికి చోటుండదు. అదే వాన సరిగా పడని ఏడు పుష్యమాసానికే శిఖం, అంటే చెరువు లోపలి నేల, బయటపడుతుంది, మడుగుల్లో చేపపిల్లలు ఇరుక్కుంటాయి, నత్తలు తేలతాయి, చుట్టుపక్కల పది చెరువుల పక్షులు మిగిలిన ఒక్క చెరువు మీద వాలతాయి. అంటే కరువు ముందే మొదలైంది, పక్షులు వెనక వచ్చాయి. మీ తాత చిన్నప్పుడు చూసింది ఆ గుంపుల్నే.

కానీ ఇప్పుడు ఆ లెక్క కూడా పనిచేయదు, అదే అసలు చిక్కు. ఇదివరకు చెరువు నీళ్లంటే ఆ ఏడు వాన ఎంత పడిందో చెప్పేవి. ఇప్పుడు జూరాల నుంచి కోయిల్‌సాగర్‌కి ఎత్తిపోస్తున్నారు, కల్వకుర్తి, భీమా ఎత్తిపోతల పథకాల నీళ్లు కాలువల్లో వచ్చి చెరువులు నింపుతున్నాయి, నల్లగొండలో పానగల్లు ఉదయసముద్రం సంగతి నీకు తెలిసిందే, కందూరు చోళుల కాలం నాటి చెరువు ఈరోజు కృష్ణా నీళ్లకు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. రైతుకి అది బతుకు, నేను తప్పుపట్టను. పక్షికి మాత్రం క్యాలెండర్ మారిపోయింది. ఫిబ్రవరిలో బురద తేలి ఉల్లంకులు వందల్లో దిగిన చోట, రాత్రికి రాత్రి కాలువ వదిలితే తెల్లారేసరికి ఒక్కటి కూడా ఉండదు. ఇంకో సంగతి, 2015 నుంచి పూడిక తీసినప్పుడు మా వైపు రెండు చెరువుల్లో జేసీబీలు అంచులు నిట్టనిలువుగా తవ్వేశాయి. మట్టి పొలాలకు పోయింది, మంచిదే, కానీ అంతకుముందు వాలుగా పలచగా ఉండే ఒడ్డు పోయి, కొంగ దిగితే మునిగేంత గుంతలు మిగిలాయి. పక్కనే తవ్వని చెరువుకి పక్షులు మారిపోయాయి. ఏదైనా కొత్త పక్షి దిగిందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది పక్షి రంగు కాదు, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి అని. తూము దగ్గర రాళ్లు ఎన్ని బయటపడ్డాయో లెక్కపెట్టి రాసుకో, అదే నీ స్కేలు. చెరువు నీళ్లు వదిలే మీ నీరటిని అడిగితే పోయినేడు ఇదే రోజుకి ఎంత ఉందో కూడా చెప్తాడు.

యాప్ గురించి. మెర్లిన్ మంచిదే, నేనూ వాడతాను, కానీ దానికి పెద్దపక్షి తెలిసినంత పిల్లపక్షి తెలియదు, ఎదురెండలో తీసిన ఫోటో ఇస్తే మనిషి లాగే తడబడుతుంది. నువ్వు పొద్దున సూర్యుడికి ఎదురుగా నిలబడి తీసినట్టున్నావు, అన్నీ నల్లగా వచ్చాయి. మీ కట్ట తూర్పు వైపు ఉంటే పొద్దున కట్ట మీద నుంచి, లేదంటే సాయంత్రం, ఎండ నీ వీపు మీద పడేలా నిలబడు. పేరు తొందరపడి పెట్టేయకు, ఆ పాపం నేను చేశాను కాబట్టి చెప్తున్నా. పదిహేనేళ్ల కింద ఒక చెరువులో కొంగల మధ్య తెల్లగా, భారీగా, నారింజ ముక్కుతో ఒక పక్షి కనబడింది. పొగమంచు, దూరం, నా ఉత్సాహం మూడూ కలిసి అది అరుదైన ధ్రువప్రాంతపు బాతు అని తేల్చేశాను. ఊళ్లో సగం మందికి ఫోన్లు చేశాను, ఒక విలేకరి కెమెరాతో సహా వచ్చాడు. అందరం పొదల చాటున కూర్చుని చూస్తుంటే పదేళ్ల పిల్లాడు కట్టె పట్టుకుని వచ్చి, "ఓ లచ్చిమీ" అని పిలిచి, దాన్ని తోలుకుని ఇంటికి పోయాడు. పెంపుడు బాతు. విలేకరి నన్ను ఏమీ అనలేదు, అదే ఇంకా సిగ్గనిపించింది. ఆ రోజు నుంచి పేరు చివర రాస్తాను. ముందు కాకి కంటే పెద్దదా కొంగ కంటే చిన్నదా, ముక్కు ఏ ఆకారం, కాళ్లు ఏ రంగు, నీళ్లలో ఈదుతోందా నడుస్తోందా, ఎన్ని ఉన్నాయి, ఎంతసేపు చూశాను అని రాస్తాను. ఇరవై కంటే ఎక్కువుంటే పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టాయో చూసి, అలాంటి చోట్లు ఎన్నో లెక్కేసుకో. "చాలా ఉన్నాయి" అని రాస్తే పదేళ్ల తర్వాత నీకే అర్థం కాదు.

ఇవన్నీ పక్షుల లెక్కలు రాసే ఈబర్డ్‌లో ఎక్కించు, ఫోన్ నుంచే అవుతుంది, ఉచితం. తర్వాత చూసేవాళ్లకి ఫ్లెమింగో ఎంత ముఖ్యమో, ఆ రోజు నామాల కోళ్లు ఎన్నున్నాయో అదీ అంతే ముఖ్యం, కాబట్టి వింతవి మాత్రమే కాకుండా కనబడినవన్నీ రాయి. జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్కింపు 1987 నుంచి జరుగుతోంది, ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క ఉంటుంది. మన జిల్లాల నుంచి హైదరాబాద్ చుట్టూ ఉన్నన్ని లిస్టులు రావు, ఊరి చెరువుల్లో పక్షులు లేక కాదు, రాసేవాళ్లు లేక.

ఫారెస్టోళ్లకి చెప్పాలా అన్నావు. బాతులు దిగినందుకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కానీ రాత్రిపూట ఎవరైనా వలలు, ఉచ్చులు కడుతున్నట్టు తెలిస్తే వెంటనే చెప్పు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఇదొక్కటి గట్టిగా చెప్తున్నా, ఫోటో పెట్టేటప్పుడు చెరువు పేరు, లొకేషన్ పెట్టకు, అవి వెళ్లిపోయాక పెట్టు. నాలుగేళ్ల కింద ఇలాగే ఒక చెరువు పేరు బయటపడితే ఆదివారం పదిహేను బైకులు శిఖంలోకి దిగాయి, ఒకాయన డ్రోన్ ఎగరేశాడు, బాతులు రెండు రౌండ్లు తిరిగి ఉత్తరం వైపు పోయి మళ్లీ ఆ ఏడు రాలేదు. పగలు అవి ఒడ్డున నిద్రపోతున్నట్టు కనబడతాయి, రాత్రి పొలాల్లో మేసి వస్తాయి, పగలు లేపితే వాటికి విశ్రాంతే లేదు. అన్నట్టు మీ ఊళ్లో యాసంగి నారుమళ్లు చెరువు పక్కనే ఉంటే రైతులు కోపంగా ఉండొచ్చు, వాళ్ల కోపం న్యాయమే. రాత్రి ఒక లాంతరు పెట్టినా, మనిషి ఉన్న అలికిడి ఉన్నా అవి ఆ మడిలో దిగవు, ఆ మాట వాళ్లకి చెప్పు. విషం గింజలు చల్లితే మొదట చచ్చేది వాళ్ల కోళ్లే అని కూడా చెప్పు.

చేపలోళ్లతో స్నేహం చేసుకో. నీటికాకులు చేపపిల్లల్ని తినేస్తున్నాయని సొసైటీవాళ్లు విసుక్కుంటారు, వాదించకు, విను. థర్మాకోల్ తెప్ప మీద రోజూ చెరువు మధ్యకి పోయేవాళ్లకి తెలిసింది కట్ట మీది మనకు తెలియదు. మా చెరువులో జుట్టు చిలువ అనే బాతు దిగిన సంగతి నాకు చెప్పింది ఒక చేపలాయనే, "మగదాని ముక్కు మీద బొడిపె ఉంది సార్" అని, పుస్తకం చూడకుండా. రాత్రి వేసిన వలలో అప్పుడప్పుడు పక్షి చిక్కుకుంటుంది. వాళ్లు నిన్ను పిలిస్తే ముందు తువ్వాలు దాని తల మీద కప్పు, కళ్లకు చీకటైతే కుదుటపడుతుంది, కొంగ జాతి అయితే ముక్కు పట్టుకున్నాకే మిగతా పని, అవి నేరుగా కంటి మీదికి పొడుస్తాయి. వల కోయాల్సి వస్తే కోసిన మేరకు డబ్బులిచ్చెయ్, నేను ఒకసారి 300 ఇచ్చాను, తర్వాత ఏ పక్షి చిక్కినా నాకే ఫోన్ వచ్చేది. ఒకేచోట మూడు నాలుగు చచ్చి తేలితే మాత్రం చేత్తో ముట్టకు, పిల్లల్ని పోనీయకు, మండలం పశువైద్యాధికారికి చెప్పు.

ఇంతా రాశాక అసలు మాట. నీ మూడో ఫోటోలో ఎడమ నుంచి ఐదో బాతు మెడ చూడు. మిగతావాటికి లేనిది ఏదో, పట్టీ లాంటిది, గడ్డి నీడ కూడా కావచ్చు, నాకు పక్కాగా తెలియడం లేదు. మంగోలియాలో ఈ బాతుల మెడకి అక్షరాలు, అంకెలు ఉన్న ప్లాస్టిక్ పట్టీలు వేసి వదులుతారు, మన దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు కాళ్లకి నంబరు రింగులు వేస్తారు. పట్టీయే అయితే దాని మీద రాసింది చదవగలిగితే ఆ ఒక్క బాతు ఎక్కడ, ఏ ఏడు పట్టుబడిందో తెలుస్తుంది. రేపు పొద్దున ఎండ వీపు మీద పడే వైపు నుంచి, దగ్గరికి పోకుండా, గేదెల వెనక నడుచుకుంటూ పో. గేదెల్ని చూసి అవి లేవవు. పట్టీ రంగు, అక్షరాలు, ఏ వైపు నుంచి చదివావో రాసి పెట్టు. తూము రాళ్లు కూడా లెక్కపెట్టి రా.